పడవ మోటారుకి జ్వరమొస్తే తెలిసేదెలా?

చరిత్ర ప్రసంగం అనగానే శాతవాహనులో కాకతీయులో వస్తారని ఎదురుచూసేవాళ్ళు ఈ ఒక్క వారానికి నన్ను మన్నించాలి. ఇవాళ నేను చెప్పబోయేది అరచేతిలో పట్టే ఒక గుండ్రటి గేజీ గురించి. పడవ వెనక చెక్కకి బిగించే మోటారు ఉంటుంది చూడండి, ఔట్‌బోర్డ్ మోటారు అంటారు, అది ఎంత వేడెక్కిందో చూపించే ముల్లు. మోటారు పుట్టి నూరేళ్ళు దాటింది. ముల్లు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికీ మనబోటివాళ్ళం కొనే పాత మోటార్లలో చాలావాటికి అది ఉండదు. కావాలంటే మనమే పెట్టించుకోవాలి.

ఇది మనకెందుకంటారా? విస్కాన్సిన్, మిన్నెసోటా, మిషిగన్ వైపు స్థిరపడ్డ మన కుటుంబాల సంగతి మీకు తెలియంది కాదు. మొదట ఇల్లు, తర్వాత మినీవాను, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక లేకు మీద షికారుకి ఒక సెకండ్ హ్యాండ్ పడవ. పడవ కొనేటప్పుడు సీట్లు చూస్తాం, రంగు చూస్తాం, ట్రెయిలరు టైర్లు చూస్తాం. వెనక వేలాడే మోటారుని మాత్రం "స్టార్టయిందా లేదా" అని చూసి సరిపెట్టేస్తాం. ఒడ్డుకి రెండు మైళ్ళ దూరంలో, భార్యాపిల్లలతో, ఊరినుంచి వచ్చిన అత్తగారు మామగారితో ఉన్నప్పుడు ఆ మోటారు బిగుసుకుపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మేలో కూడా మిషిగన్ సరస్సు నీళ్ళలో వేలు పెడితే కొయ్యబారిపోతుంది. అందుకని ఇది కేవలం యంత్రాల పిచ్చి ఉన్నవాళ్ళ కథ కాదు.

ముందు మన గోదావరి దగ్గర మొదలుపెడతాను. రాజమండ్రినుంచి పాపికొండల మీదుగా లాంచీలో వెళ్ళినవాళ్ళకి సరంగు అన్న మాట కొత్తకాదు. చుక్కాని పట్టుకుని, నీటి లోతూ సుడులూ చూసుకుంటూ లాంచీ నడిపేవాడు సరంగు. ఇంజను చూసుకోవడానికి వేరే మనిషి ఉంటాడు, అతను ఇంజను డ్రైవరు. ఇది ఆచారమే కాదు, చట్టం కూడా. బ్రిటిషువాళ్ళ కాలంలో 1917లో వచ్చిన దేశీయ జలమార్గాల స్టీమరు చట్టం సరంగుకి ఒక యోగ్యతా పత్రం, ఇంజను డ్రైవరుకి ఇంకో పత్రం ఉండాలంది. 2021లో కొత్త చట్టం వచ్చేదాకా, సవరణలతో, అదే నడిచింది. అంటే ఏమిటన్నమాట? నదిని చూసే కళ్ళు వేరు, ఇంజనుని చూసే కళ్ళు వేరు అని అప్పటివాళ్ళకి తెలుసు. ఇంజను పక్కన కూర్చున్నవాడికి గేజీ లేకపోయినా గడుస్తుంది. చెయ్యి పెట్టి చూస్తాడు, వాసన చూస్తాడు, చప్పుడు మారితే చెవి రిక్కిస్తాడు.

ఔట్‌బోర్డ్ మోటారు చేసిన పని ఈ ఇద్దరినీ ఒకే మనిషిని చెయ్యడం.

ఆ మోటారు కథలో అందరూ చెప్పుకునే పేరు ఓలీ ఎవిన్‌రూడ్. 1877లో నార్వేలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికా వచ్చి విస్కాన్సిన్‌లో పొలం పనుల మధ్య పెరిగాడు. పెద్ద చదువులేమీ లేవు, యంత్రాల షాపుల్లో పనిచేసి నేర్చుకున్నదే చదువు. మిల్వాకీకి పడమర ఒకాచీ అని ఒక సరస్సు ఉంది. ఒక ఎండాకాలం అక్కడికి పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు, తను పెళ్ళి చేసుకోబోయే బెస్ కేరీ ఐస్‌క్రీము అడిగిందట. ఈయన తెడ్లు వేసుకుంటూ రెండున్నర మైళ్ళు వెళ్ళి తెచ్చేసరికి అది కాస్తా కరిగి నీళ్ళయిపోయిందట. తెడ్డు లేకుండా పడవ నడపాలన్న పట్టుదల అక్కడ పుట్టిందని కంపెనీవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. ఐస్‌క్రీము ఎంతవరకు నిజమో గానీ, 1909లో మోటారు మాత్రం నిజంగా తయారైంది. ఒకటిన్నర హార్స్‌పవరు, 62 పౌండ్ల బరువు, ధర కూడా 62 డాలర్లే. మొదటిసారి చూసినప్పుడు బెస్‌కి అది కాఫీగింజల మరలా కనిపించిందట. స్నేహితుడొకడు దాన్ని అరువు తీసుకెళ్ళి, తిరిగి తెచ్చేటప్పుడు 10 ఆర్డర్లూ వాటి డబ్బూ పట్టుకొచ్చాడు. 1911లో పేటెంటు వచ్చింది. లెక్కలూ, ఉత్తరాలూ, ప్రకటనలూ అన్నీ బెస్ చూసుకునేది. నన్నడిగితే ఆ కంపెనీ నిలబడింది సగం ఆవిడ వల్లే. ఐస్‌క్రీము కథలో మాత్రం ఆవిడ ఊరికే ఒడ్డున కూర్చుని ఉంటుంది!

అయితే ఎవిన్‌రూడే మొదటివాడు కాదు. డెట్రాయిట్‌లో కామరాన్ వాటర్‌మన్ అనే లా చదివిన కుర్రాడు అంతకుముందే, 1905 ప్రాంతంలో, ఇలాంటి మోటారుతో ప్రయోగాలు చేసి 1906కల్లా అమ్మకాలు మొదలుపెట్టాడు. ఆయన కథ మనకి ఇంకో కారణానికి కావాలి. ఆయన మొదట్లో వాడింది మోటారుసైకిలుకి పెట్టే గాలితో చల్లబడే ఇంజను. మోటారుసైకిలు ముందుకి పోతుంటే గాలి వచ్చి ఇంజనుకి కొడుతుంది. తెడ్డు పడవంత మెల్లగా పోయే దానికి ఎదురుగాలి ఎక్కడుంది? తొందరలోనే ఆయన కూడా నీళ్ళవైపు మళ్ళాడు. ఎవిన్‌రూడ్ మోటారైతే మొదటినుంచీ నీళ్ళతో చల్లబడేదే.

చుట్టూ కావలసినన్ని నీళ్ళున్నప్పుడు కారుకి లాగా రేడియేటరు ఎందుకు? కింద ప్రొపెల్లరు దగ్గర నీళ్ళు తోడి, పైన సిలిండరు చుట్టూ తిప్పి, మళ్ళీ సరస్సులోకే వదిలేస్తే సరిపోతుంది కదా. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి. ఈ సులువైన ఏర్పాటులోనే మోటారు బలమూ ఉంది, బలహీనతా ఉంది. కారులో తిరిగే నీళ్ళు మనం పోసిన శుభ్రమైన నీళ్ళు, మూతబిగించిన గొట్టాల్లో అవే తిరుగుతాయి. పడవ మోటారు తాగేది సరస్సులో ఏముంటే అది. ఇసుక, నాచు, చేపల పొలుసు, ప్లాస్టిక్ సంచీ. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు మొదటిసారి కనిపించాయి. యూరప్‌నుంచి ఓడల నీళ్ళతో వచ్చినవవి. అక్కణ్ణించి గ్రేట్ లేక్స్ అంతా అల్లుకుపోయాయి. కంటికి ఆనని పిల్లలుగా మోటారు లోపలికి పోయి, అక్కడే గోడకి అంటుకుని పెరుగుతాయి. ఓలీకి ఆ బాధ లేదు. మనకుంది.

నీళ్ళు తోడే పద్ధతులు కాలాన్నిబట్టి మారాయి. 1922లో ఇండియానాలోని సౌత్‌బెండ్‌నుంచి జాన్సన్ సోదరులు 35 పౌండ్ల తేలికైన రెండు సిలిండర్ల మోటారు తెచ్చి మార్కెట్టు అంతా ఊపేశారు. వాళ్ళు కొన్ని మోటార్లలో అసలు పంపే పెట్టలేదు. ప్రొపెల్లరు వెనక్కి తోసే నీళ్ళ ఒరవడినే గొట్టంలోకి పట్టి పైకి పంపారు. తెలివైన పనే, కానీ మెల్లగా పోతున్నప్పుడు ఒరవడీ తక్కువే. కాలక్రమంలో అందరూ చేరిన చోటు రబ్బరు ఇంపెల్లరు. చిన్న పువ్వులాంటి రబ్బరు చక్రం, రేకులు వంగుతూ లేస్తూ నీళ్ళని పైకి తోస్తాయి. అరచేతిలో సగం కూడా ఉండదు. వేల డాలర్ల మోటారు ప్రాణం ఆ రబ్బరు పువ్వులో ఉంటుంది, మన పేదరాశి పెద్దమ్మ కథలో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు. నీళ్ళు లేకుండా కొద్ది సెకన్లు తిరిగినా దాని అంచులు మాడిపోతాయి. వాడకుండా ఏళ్ళ తరబడి ఉంచినా రేకులు వంగినవి వంగినట్టే గట్టిపడిపోతాయి.

ఇప్పుడు ముల్లు సంగతికొద్దాం. ఇంజను వేడిని డ్రైవరుకి చూపించాలన్న ఆలోచన కార్లనుంచి వచ్చింది. 1910ల్లో హారిసన్ బాయ్స్ అనే ఆయన మోటోమీటరు అనే సాధనాన్ని అమ్మడం మొదలుపెట్టాడు. పాత సినిమాల్లో ఫోర్డు కార్లు చూస్తే ముందు రేడియేటరు మూతమీద చిన్న గాజుబిళ్ళ నిలబెట్టి ఉంటుంది, అదే. లోపల ఒక థర్మామీటరు, అందులో ఎర్రటి ద్రవం పైకి పాకుతుంది. డ్రైవరు తన సీట్లోంచి, బానెట్ మీదుగా, దాన్ని చూస్తూ నడపాలి. అందులో ఒక సూక్ష్మం ఉంది. బాయ్స్ థర్మామీటరు బల్బుని నీళ్ళలో ముంచలేదు, నీళ్ళ పైన ఉన్న ఆవిరిలో ఉంచాడు. ఎందుకంటే నీళ్ళు కారిపోయి మట్టం దిగితే, నీళ్ళ కోసం పెట్టిన బల్బు గాలిలో వేలాడుతూ అబద్ధం చెబుతుంది. ప్రమాదం ముంచుకొచ్చిన క్షణంలోనే సాధనం మోసం చెయ్యకూడదన్నది ఆయన పట్టుకున్న విషయం. ఇది గుర్తుపెట్టుకోండి, మోటారుకి గేజీ పెట్టేటప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

1920లు ముగిసేసరికి ఈ ముల్లు కారు లోపలికి, డ్యాష్‌బోర్డు మీదికి వచ్చేసింది. ఇంజను దగ్గర ఒక బల్బు, అందులో తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం, అక్కణ్ణించి డ్యాష్‌బోర్డుదాకా జుట్టంత సన్నని రంధ్రం ఉన్న లోహపు గొట్టం. వేడెక్కితే ఆవిరి ఒత్తిడి పెరిగి అవతల ముల్లుని తోస్తుంది. ఆ ఒత్తిడిని ముల్లుగా మార్చే వంకర గొట్టం ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ 1849లో కనిపెట్టింది. కారుకి ఇది బాగానే ఉంది, ఇంజను కదలదు కనుక. ఔట్‌బోర్డ్ మోటారు అలాకాదే! కుడికీ ఎడమకీ తిరుగుతుంది, రాయి తగిలితే పైకి లేస్తుంది, శీతాకాలం వస్తే మొత్తం విప్పి గరాజులో పెడతాం. అటువంటి గొట్టం నాలుగురోజుల్లో విరిగిపోతుంది. దీనికి కావలసింది తీగ, అంటే కరెంటు.

కరెంటుతో వేడిని కొలిచే మార్గం చాలా పాతది. 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్ మీద ప్రయోగం చేస్తూ ఒక వింత గమనించాడు. మామూలు లోహాలు వేడెక్కేకొద్దీ కరెంటుకి ఎక్కువ అడ్డుపడతాయి. ఇది తిరకాసుగా, వేడెక్కేకొద్దీ దారి ఇచ్చేస్తోంది. దాంతో ఏం చెయ్యాలో ఆ కాలంలో ఎవరికీ తెలీలేదు. సుమారు నూరేళ్ళ తర్వాత, 1930లో, శామ్యూల్ రూబెన్ అనే అమెరికన్ ఆ గుణాన్ని వాడుకుని థర్మిస్టరుకి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ ఇంజనులో బిగించే సెండరు అన్న ఇత్తడి బొడిపెలో ఉండేది ఆ జాతి ముక్కే. చల్లగా ఉన్నప్పుడు కరెంటుకి అడ్డు ఎక్కువ, వేడెక్కితే తక్కువ. ఆ తేడాని డ్యాష్‌బోర్డులోని గేజీ డిగ్రీలుగా చూపిస్తుంది. ఇంట్లో ఓమ్ మీటరు ఉంటే పిల్లలకి చూపించొచ్చు. సెండరుని దారంతో కట్టి, స్టవ్ మీద కాగుతున్న నీళ్ళలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టండి. నీళ్ళు కాగేకొద్దీ మీటరులో అంకెలు పడిపోతుంటాయి. ఫారడే చూసిన వింత మీ వంటింట్లో కనిపిస్తుంది. పాత్ర మాత్రం వంటకి వాడనిదై ఉండాలి, లేకపోతే ఆ తర్వాత జరిగేదానికి నాకు సంబంధం లేదు.

సాధనం సిద్ధంగా ఉన్నా అది పడవ మోటారుకి వెంటనే చేరలేదు. కారణం నాకు తోచినంతవరకు చాలా మామూలుది. 1940లదాకా మోటారు నడిపేవాడు దాని పక్కనే, వెనక బల్లమీద, పిడి పట్టుకుని కూర్చునేవాడు. తల తిప్పితే మోటారు. నీళ్ళు వచ్చి పడుతున్నాయో లేదో కనిపిస్తుంది, చెయ్యిపెట్టి చూడొచ్చు. అంటే గోదావరి లాంచీలో ఇంజను డ్రైవరు స్థానం, సరంగు స్థానం ఒక్కచోటే. యుద్ధం తర్వాత అమెరికాలో డబ్బూ, తీరికా, రోడ్లూ పెరిగాయి, పడవలూ పెరిగాయి. 1958లో ఎవిన్‌రూడ్, జాన్సన్ పేర్లతో 50 హార్స్‌పవరు వి-4 మోటార్లు వచ్చాయి. అవతలివైపు కార్ల్ కీక్‌హేఫర్ కంపెనీ, మన మెర్క్యురీ, 1957లో 60 హార్స్‌పవరుకి, 1962లో 100కి వెళ్ళింది. ఒకటిన్నరనుంచి వందకి 53 ఏళ్ళు. అంత మోటారుని పిడి పట్టుకుని తిప్పలేం కదా. స్టీరింగు చక్రం, గేరు లివరు ముందుకి వచ్చాయి, నడిపేవాడు కూడా అద్దం వెనక సీట్లోకి వచ్చాడు. మోటారు పది పన్నెండు అడుగుల వెనక, మూతకింద, గాలి హోరులో ఉండిపోయింది. సరంగు మిగిలాడు, ఇంజను డ్రైవరు ఉద్యోగం పోయింది. ఆ ఖాళీలో గేజీ ప్రవేశించింది. ముందు స్పీడు, ఆ తర్వాత ఆర్‌పీఎమ్, వేడి మాత్రం చాలా పడవల్లో చివరిదాకా అదనపు సరుకుగానే ఉండిపోయింది, డబ్బు పెట్టినవాళ్ళకి పెడతారు, లేకపోతే లేదు.

దాని బదులు కంపెనీలు ఇచ్చినవి రెండు. ఒకటి, మోటారు పక్కనుంచి చిమ్మే సన్నటి నీటిధార. పంపు పనిచేస్తోందని దాని సాక్ష్యం. నడిపేటప్పుడు అందరూ వెనక్కి తిరిగి చూసేది దాన్నే. కానీ అది చెప్పేది నీళ్ళు పైకి వస్తున్నాయని మాత్రమే. చాలా మోటార్లలో ఆ ధారని థర్మోస్టాట్‌కి ముందే చీల్చి బయటికి పంపిస్తారు. అందుచేత లోపల దారులు పూడిపోయి సిలిండరు మాడుతున్నా బయట ధార భేషుగ్గా రావచ్చు. రెండోది, హారను. సిలిండరు హెడ్‌లో ఒక స్విచ్చి ఉంటుంది. ఆ మధ్యకాలపు జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో అది సుమారు 211 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే దాదాపు 99 సెల్సియస్‌కి, కలుసుకుని హారను మోగిస్తుంది.

ఇక్కడ లెక్క చూడండి. అటువంటి మోటారు మామూలుగా నడవాల్సిన వేడి ఎంత? థర్మోస్టాట్ సాధారణంగా 143 ఫారన్‌హీట్, అంటే 62 సెల్సియస్ దగ్గర తెరుచుకుంటుంది. కారు ఇంజను 90 దాటి నడుస్తుంది, మరి దీన్ని ఇంత చల్లగా ఎందుకు ఉంచారంటే కారణం సముద్రం. ఉప్పునీళ్ళలోని కాల్షియం లవణాలకి వేడంటే పడదు, నీళ్ళు వేడెక్కేకొద్దీ కరిగి ఉండకుండా బయటపడి గోడలకి అంటుకుంటాయి. మన ఊళ్ళో గీజరు కాయిలుమీద కట్టే తెల్లటి పెచ్చులాంటిదే. అందుకని వేడి తక్కువలో ఉంచుతారు. ఏతావాతా ఆరోగ్యం 62 దగ్గర, హారను 99 దగ్గర. మధ్యలో 37 డిగ్రీలు ఏం జరిగినా మీకు కబురు లేదు. రబ్బరు పువ్వు అరుగుతూ అరుగుతూ 62 కాస్తా 68, 75, 85 అవుతున్నా మోటారు నోరు విప్పదు. ఒకరోజు గట్టిగా తోలినప్పుడు ఒక్కసారిగా హారను. ఆ తర్వాత పిస్టన్ వ్యాకోచించి, నూనె పొర ఆవిరై, అల్యూమినియం గోడని గీరేస్తే ఎంత ఖర్చో చెప్పక్కర్లేదు.

మా సాఫ్ట్‌వేరువాళ్ళకి ఇది బాగా తెలిసిన తేడా. అర్ధరాత్రి పేజరు మోగడం వేరు, పగలు గ్రాఫు చూసి "డిస్కు నిండుతోంది, వచ్చేవారం పని పెట్టుకుందాం" అనుకోవడం వేరు. పేజరు ఉద్యోగం నిలబెడుతుంది, గ్రాఫు నిద్ర నిలబెడుతుంది. రెండూ కావాలి. ఇంకో సంగతి, హారను ఎప్పటికీ చెప్పలేనిది చల్లదనం. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోతే మోటారు మరీ చల్లగా నడుస్తుంది, పెట్రోలు సరిగా కాలదు, ప్లగ్గులు మసిబారతాయి. ముల్లు 40 దగ్గరే వేలాడితే ఆ విషయం ఆరోజే తెలుస్తుంది.

మరి పాత మోటారుకి దీన్ని తగిలించడం ఎలా? పని పెద్దది కాదు, జాగ్రత్తలున్నాయి. మొదటిది సెండరు ఎక్కడ పెట్టాలన్నది. బాయ్స్‌గారి సూక్ష్మం ఇక్కడ పనికొస్తుంది. నీళ్ళు ఆగిపోతే నీటి దారిలో ఉన్న సెండరు చుట్టూ ఆవిరీ గాలీ మిగిలి తప్పు చెప్పొచ్చు. అందుకని సిలిండరు హెడ్ లోహానికి తగిలేలా, వీలైనంత పైభాగంలో పెట్టడం మేలు. చాలా హెడ్లలో హారను స్విచ్చి పక్కన అలాంటి గుంట వదిలి ఉంటారు. వి ఆకారపు మోటారుకి రెండు హెడ్లు, ఒకటి చల్లగా ఉండి రెండోది మాడొచ్చు, కాబట్టి రెండు సెండర్లు పెట్టి ఒక చిన్న స్విచ్చితో మార్చి చూసుకునేవాళ్ళున్నారు. రెండోది, హారను స్విచ్చిని పీకేసి దాని తీగనే గేజీకి కలపకండి. ఆ స్విచ్చికి తెలిసింది అవును, కాదు, ఈ రెండు మాటలే, అది డిగ్రీలు చెప్పలేదు. పైగా హారను పోతుంది. మూడోది, గేజీ, సెండరు ఒకే జతగా కొనాలి. అమెరికన్ ప్రమాణం వేరు, యూరోపియన్ ప్రమాణం వేరు. ఇవి కలగలిపితే ముల్లు కదులుతుంది, కానీ అది చెప్పేది కాకిలెక్క.

తీగల రంగులకి అమెరికాలో పడవలవాళ్ళందరూ పాటించే ఒక పద్ధతి ఉంది. తాళంచెవి తిప్పితే 12 వోల్టులు వచ్చేది ఊదారంగు, గ్రౌండుకి నలుపు, రాత్రిపూట గేజీలో దీపానికి ముదురు నీలం, వేడి సెండరుకి టాన్, అంటే లేత గోధుమరంగు. చిక్కెక్కడంటే కొన్ని కంపెనీల మోటార్లలో హారను తీగ కూడా టానే. అందుకే పాత కట్టలో టాన్ కనిపించగానే కలిపెయ్యకుండా, సెండరునుంచి విడిగా ఒక కొత్త తీగ లాగడం క్షేమం. తీగ పడవలకని అమ్మే తగరం పూత రాగితీగ అయితే తుప్పు పట్టదు. మోటారు పూర్తిగా అటూ ఇటూ తిరిగినప్పుడు, పైకి లేచినప్పుడు తీగ లాగుకోకుండా కాస్త వదులు ఉంచాలి. అంతే పని.

నేను కొన్న పడవ సంగతి ఒకటి చెప్పాలి. 1990ల నాటి రెండు స్ట్రోకుల మోటారు, ఒక పెద్దమనిషి దగ్గర కొన్నాను. గేజీ పెట్టేముందు హారను పనిచేస్తుందో లేదో చూద్దామని తాళంచెవి ఆన్‌లో పెట్టి, టాన్ తీగ చివర ఇంజను లోహానికి తాకించాను. మోగాలి. మోగలేదు. డ్యాష్‌బోర్డు కింద దూరి చూస్తే హారను తీగని ఎవరో చక్కగా కత్తిరించి, చివర టేపు చుట్టి ఉంచారు. ప్రమాదవశాత్తూ తెగింది కాదు. మోటారు వేడెక్కి హారను మోగుతుంటే రోగం చూడకుండా కేకని ఆపేశారన్నమాట. అలాగే నాకు అమ్మారు. మీరు పాత పడవ కొనేటప్పుడు డబ్బు ఇచ్చేముందే ఈ పరీక్ష చేయించండి, అరనిమిషం పని.

మన తీరంలో దీనికి దొరికిన జవాబు వేరే రకంగా ఉంది, అదీ చెప్పాలి. కోస్తాలో రేవులున్న ఊళ్ళు కొన్నే. మిగతా జాలరి పల్లెల్లో తెప్పలూ నావలూ ఇసుక ఒడ్డునుంచే అలల్లోకి తొయ్యాలి, అలల్లోంచే ఒడ్డుకి లాగాలి. ఆ ఇసుకనీళ్ళని తాగే రబ్బరు పంపు ఎన్నాళ్ళుంటుంది? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమం మొదలుపెట్టింది. వాళ్ళు 1980లలో ఆంధ్ర తీరంలో ఒడ్డుకి లాగే పడవలు ప్రయత్నించారు. వాటికి చిన్న డీజిలు ఇంజను, ఒడ్డు దగ్గరపడగానే పైకి లేచే ప్రొపెల్లరు. ఆ తర్వాత ఫైబరు తెప్పలకి పొడవాటి కాడ ఉన్న, గాలితో చల్లబడే చిన్న డీజిలు మోటార్లు వచ్చాయి. వాటిల్లో పంపు లేదు, ఇంపెల్లరు లేదు, పూడుకుపోవడానికి దారే లేదు. ఫ్యాను గాలి తోస్తుంది, బోలెడు చప్పుడు చేస్తుంది, అంతే. వాటర్‌మన్ వదిలేసిన దారి మన జాలర్లకి పనికొచ్చింది. అన్నట్టు కేరళలో కొల్లం దగ్గర నీండకరలో 1953లో మొదలై అక్కడి చేపల వేటకి యంత్రాలు నేర్పిన పథకం నార్వేవాళ్ళది. ఓలీ దేశం వాళ్ళే. పడవకీ ఇంజనుకీ మధ్య ఆ చిన్న దేశం ఎన్నిచోట్ల కనిపిస్తుందో!

ఓలీ సంగతి ముగిస్తాను. బెస్ ఆరోగ్యం బాగాలేక 1914లో కంపెనీలో తన వాటా అమ్మేసి, ఐదేళ్ళు పోటీకి రానని మాట ఇచ్చి, ఆవిణ్ణి తీసుకుని ఊళ్ళు తిరిగాడు. గడువు తీరాక అల్యూమినియంతో తేలికైన కొత్త మోటారు చేసి, ఎల్టో అనే కంపెనీ పెట్టాడు. 1929లో పాత కంపెనీ కూడా మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చి కలిసింది. 1933లో బెస్, 1934లో ఆయన పోయారు. వాళ్ళ కంపెనీయే జాన్సన్‌తో కలిసి ఓఎమ్‌సీ అయి, 2000 డిసెంబరులో దివాలా తీసింది. బొంబార్డియర్ కొని విస్కాన్సిన్‌లోనే స్టర్టెవంట్‌లో మోటార్లు చేయించింది. 2020 మేలో, కోవిడ్ రోజుల్లో, ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్లు చెయ్యడం పూర్తిగా ఆపేశారు. లేకుల మీద మాత్రం ఇంకా అవి తిరుగుతూనే ఉన్నాయి, మాది అందులో ఒకటి. ఇక కొత్తవి రావు కనుక ఉన్నవాటిని కాపాడుకోవడమే. ఇప్పటి కొత్త మోటార్లకైతే లోపలే సెన్సర్లుంటాయి, ఒక్క కేబులుతో వేడి, నీటి ఒత్తిడి, పెట్రోలు ఖర్చు అన్నీ తెరమీద చూపిస్తాయి. మరీ వేడెక్కితే అవే వేగం తగ్గించుకుంటాయి. వాళ్ళకి ఈ ప్రసంగంతో అవసరం లేదు.

గేజీ పెట్టిన మొదటి ఎండాకాలం నేను ఒక నోట్‌బుక్‌లో అంకెలు రాసుకున్నాను. ఒకే లేకు, ఒకే వేగం, పది నిమిషాలు నడిపాక ముల్లు ఎక్కడుందో అంతే. జూన్‌లో 62. జులై మధ్యలో 63. ఆగస్టు చివర 69. బయట నీటిధార ఎప్పటిలాగే చిమ్ముతోంది, హారను నిశ్శబ్దం, మోటారు చప్పుడులో నా చెవికి తేడా లేదు. లేబర్ డే ముందు శనివారం కింది భాగం విప్పి చూస్తే ఇంపెల్లరు రేకుల్లో రెండు ఒకవైపుకి వంగి అలాగే ఉండిపోయాయి, ఇంకోదానికి మొదట్లో పగులు. కొత్తది పెట్టి మళ్ళీ లేకులో దించాం, ముల్లు 62కి వచ్చి ఆగింది. పాత ఇంపెల్లరుని మా అమ్మాయి స్కూలుకి షో అండ్ టెల్‌కి పట్టుకెళ్ళింది.

వచ్చేవారం ఇదే సమయానికి మరొకరు మరో విషయంతో వస్తారు. సెలవు.